ఇరవై అడుగులు, నలభై అడుగులు: హెర్షెల్ కుటుంబపు దూరదర్శినులు

ఇంగ్లండులో విండ్సర్ కోటకు చేరువలో ఉన్న స్లౌ గ్రామంలో, 1789 నాటికి, ఒకే తోటలో రెండు పెద్ద దూరదర్శినులు ఉండేవి. ఒకటి 40 అడుగులది, రెండవది 20 అడుగులది. మొదటిదాన్ని చూడటానికి రాజకుటుంబీకులూ, విదేశీ అతిథులూ, దారిన పోయే యాత్రికులూ ఆగేవారు. రెండవదాని కోసం ప్రత్యేకించి వచ్చినవారు తక్కువ. అయినా నీహారికల గురించీ, నక్షత్ర గుచ్ఛాల గురించీ ఆ అర్ధ శతాబ్దంలో లోకానికి తెలిసిన విషయాలలో అత్యధిక భాగం ఆ రెండవదాని ద్వారానే తెలిసింది. పెద్దది యాభై ఏళ్ళు నిలబడి, ఆకాశాన్ని చూసింది తక్కువ, చూపరులకు కనిపించింది ఎక్కువ. చిన్నది తండ్రి చేతినుంచి కొడుకు చేతికి వచ్చి, సముద్రం దాటి, దక్షిణాకాశాన్ని కూడా చూసింది.

పెద్దది కావాలా, కదల్చగలిగినది కావాలా, రేపు మెరుగుపరచుకోదగినది కావాలా అన్న ప్రశ్న దూరదర్శిని కావాలనుకున్న ప్రతివారికీ ఎదురవుతుంది. అమెరికాలో ఒక అపార్టుమెంటు రెండవ అంతస్తునుంచి 8 అంగుళాల దర్పణాన్ని మెట్లు దించి, కారు డిక్కీలో పెట్టుకుని, నగరకాంతి లేని చోటికి పోవాలనుకునే తెలుగువారికి ఈ చిక్కు బాగా తెలుసు. ఈ ప్రశ్నకు వాదాలు చాలా ఉన్నాయి. స్లౌ తోటలోని రెండు యంత్రాల చరిత్ర వాదం కాదు, యాభై ఐదేళ్ళు సాగిన పరీక్ష.

విలియమ్ హెర్షెల్ 1738లో జర్మనీలోని హానోవర్‌లో పుట్టాడు. తండ్రి సైనిక వాద్యబృందంలో వాయిద్యకారుడు. పంతొమ్మిదేళ్ళ వయసులో ఇంగ్లండు వచ్చి, సంగీతం నేర్పుతూ, వాయిస్తూ, చివరకు బాత్ పట్టణంలో ఒక ప్రార్థనామందిరంలో ఆర్గన్ వాద్యకారుడిగా స్థిరపడ్డాడు. ఖగోళశాస్త్రంపై ఆసక్తి ముప్పై ఐదో ఏట మొదలైంది. మంచి దూరదర్శిని కొనే స్తోమత లేక, దర్పణాలను తానే అరగదీయడం నేర్చుకున్నాడు. ఇల్లంతా కార్ఖానా అయింది. పాడటంలో పేరు తెచ్చుకుంటున్న చెల్లెలు కరొలైన్, అన్న దర్పణం మీదనుంచి చెయ్యి తీయకుండా గంటల తరబడి మెరుగుపెడుతుంటే, పక్కన కూర్చుని అతనికి ముద్దలు తినిపించవలసి వచ్చేది.

ఆ కాలపు దర్పణం గాజు కాదు, లోహం. దాదాపు రెండు పాళ్ళు రాగి, ఒక పాలు తగరం కలిపి పోతపోసేవారు. అంటే మన కంచు జాతిదే. కాకపోతే తగరం బాగా ఎక్కువ కనుక వెండిలా తెల్లగా, గాజులా పెళుసుగా ఉండేది. రాలిన కాంతిలో సుమారు మూడింట రెండు వంతులనే అది తిప్పి పంపేది. పైగా ఏ కంచు పాత్రకైనా ఉన్న గుణమే దానికీ ఉంది: తేమ తగిలితే మసకబారుతుంది. ఇంట్లో కంచు చెంబును చింతపండుతో తోమితే సరిపోతుంది. దర్పణం అలా తోమేందుకు వీలులేనిది. దాని వంపు అంగుళంలో లక్షో వంతు తేడా లేకుండా ఉండాలి. మెరుగు పెట్టిన ప్రతిసారీ ఆ వంపును మళ్ళీ మొదటినుంచి సాధించవలసిందే. హెర్షెల్ కుటుంబ కథలో తరువాత జరిగినదానికంతా ఈ మసకే మూలం.

1781 మార్చి 13న బాత్‌లోని తన ఇంటి తోటలో, 6.2 అంగుళాల దర్పణం ఉన్న 7 అడుగుల దూరదర్శినితో హెర్షెల్ కొత్త గ్రహాన్ని చూశాడు. అదే యురేనస్. ఇక్కడ అడుగుల లెక్క గురించి ఒక మాట చెప్పాలి. ఆ రోజులలో దూరదర్శినికి పేరు దర్పణం వెడల్పును బట్టి కాక, నాభ్యంతరాన్ని బట్టి, అంటే ఇంచుమించు గొట్టం పొడవును బట్టి పెట్టేవారు. కాంతిని పోగుచేసేది మాత్రం వెడల్పే. వెడల్పు రెట్టింపయితే కాంతి నాలుగు రెట్లవుతుంది. బరువు అంతకంటే వేగంగా పెరుగుతుంది.

ఆ ఏడాదే ఆగస్టులో హెర్షెల్ మూడడుగుల వెడల్పు దర్పణం పోత పోయబూనాడు. పోత ఇంటి నేలమాళిగలోనే. గుర్రపు పేడ దంచి, జల్లించి, మట్టితో కలిపి అచ్చు చేశారు. ఆ దంచే పనిలో కరొలైన్ కూడా ఉంది. మొదటి పోతలో లోహం చల్లారుతూ పగిలింది. రెండవసారి కొలిమి చీలి, కరిగిన లోహం రాతి బండల మీదికి పారింది. వేడికి బండలు పేలి పైకెగిరాయి. హెర్షెల్ సోదరులూ, పనివారూ తలుపుల వైపు పరుగెత్తారు. ఇంట్లో చేయగల పనికి ఒక హద్దు ఉందని ఆ రోజున అతనికి తెలిసి ఉండాలి. ఆ పాఠం ఎక్కువ కాలం గుర్తున్నట్టు లేదు.

మరుసటి ఏడు మూడవ జార్జి రాజు సంవత్సరానికి 200 పౌండ్లు భరణం ఏర్పాటు చేశాడు. సంగీతం మాని, అన్నాచెల్లెళ్ళు విండ్సర్ దగ్గరి డాచెట్‌కు మారారు. అక్కడ 1783 శరత్కాలంలో పెద్ద 20 అడుగుల దూరదర్శిని సిద్ధమైంది. దర్పణం వెడల్పు 18.7 అంగుళాలు. యురేనస్‌ను పట్టిన దానికంటే తొమ్మిది రెట్లు కాంతి. గొట్టాన్ని కొయ్య చట్రంలో తాళ్ళతో, కప్పీలతో వేలాడదీశారు. చట్రం అడుగున చక్రాలున్నాయి. ఒక పనివాడు తాడు లాగుతూ గొట్టాన్ని రెండు డిగ్రీల మేర పైకీ కిందికీ ఆడిస్తుంటే, భూభ్రమణం వల్ల ఆకాశం తనంతట తానే ముందుగా జరిగిపోతుంది. ఈ పద్ధతిని హెర్షెల్ ఊడ్పు అన్నాడు. నిజంగానే చీపురుతో వాకిలి ఊడ్చినట్టు, రాత్రికి కొంత చొప్పున ఆకాశాన్ని ఊడ్చుకుంటూ పోయాడు. అతను మెట్లపైన అక్షికటకం దగ్గర నిలిచి కనిపించినదాన్ని కేక వేసి చెబితే, కరొలైన్ దీపం దగ్గర గడియారం చూస్తూ రాసుకునేది. కళ్ళకు చీకటి అలవాటు తప్పకుండా ఉండాలంటే చూసేవాడు తానే రాసుకోకూడదు. ఆ ఒక్క సూక్ష్మం పట్టుకున్నందువల్ల ఇద్దరు మనుషుల పని పదిమంది పనికి సమానమైంది.

ఆ పని సుఖంగా సాగలేదు. 1783 డిసెంబరు 31 రాత్రి మేఘాలు కాస్త విడగానే కరొలైన్ సర్దుబాటు కోసం మంచులో పరుగెత్తి, యంత్రం కొక్కేనికి తగులుకుంది. తొడలోకి దిగిన కొక్కేన్ని వెంటనే తీయలేకపోయారు. తాను పడి ఉన్న ఆ రాత్రి మిగతా కాలమంతా మబ్బుగానే ఉన్నందువల్ల అన్నకు నష్టం కలగలేదని ఆమె ఊరట చెందింది. ఇటువంటి మనిషి తోడు లేకపోతే ఏ కొలత దర్పణమైనా వట్టి లోహమే.

ఇదే యంత్రానికి 1786లో హెర్షెల్ ఒక మార్పు చేశాడు. న్యూటన్ పద్ధతిలో పెద్ద దర్పణం నుంచి వచ్చే కాంతిని గొట్టం పై కొసన ఉన్న చిన్న దర్పణం పక్కకు తిప్పుతుంది. లోహంతో చేసినది కనుక అక్కడ మరో మూడో వంతు కాంతి పోతుంది. హెర్షెల్ చిన్న దర్పణాన్ని తీసేశాడు. పెద్ద దర్పణాన్ని కాస్త వాల్చి, గొట్టం అంచు దగ్గర నిలబడి నేరుగా లోపలికి చూశాడు. కొత్త పోత లేదు, పెద్ద ఖర్చు లేదు, ఉన్న దర్పణమే అంతకు ముందుకంటే బాగా పెద్దదైనట్టయింది. ఫలితం 1787 జనవరి 11న కనిపించింది: ఆ రాత్రి యురేనస్‌కు రెండు ఉపగ్రహాలు దొరికాయి. నీహారికలూ గుచ్ఛాలూ అంతకు ముందు కొద్ది వందలే తెలుసు. హెర్షెల్ 1786లో వేయి, 1789లో మరో వేయి, 1802లో 500 ప్రకటించాడు.

కరొలైన్‌కు అన్న చేసి ఇచ్చినది మరీ చిన్నది. దర్పణం వెడల్పు 4.2 అంగుళాలు, నాభ్యంతరం 27 అంగుళాలు. ఒకేసారి రెండు డిగ్రీలకు పైగా ఆకాశాన్ని చూపేది. అన్న ఊళ్ళో ఉంటే ఆమెకు గుమాస్తా పనే సరిపోయేది. 1786 వేసవిలో రాజు బహుమతిగా పంపిన దూరదర్శినిని అప్పగించడానికి విలియమ్ జర్మనీ వెళ్ళినప్పుడు, ఆగస్టు 1న ఆమె ఈ చిన్న యంత్రంతో తోకచుక్కను కనుగొంది. 1797 నాటికి అటువంటివి ఎనిమిది ఆమె పేర ఉన్నాయి. తోకచుక్కలు వెదకడానికి వెడల్పైన దృశ్యం కావాలి, ఒక్క మనిషి తిప్పుకోగల తేలిక కావాలి. 20 అడుగులది ఆ పనికి పనికిరాదు. దూరదర్శినుల పరిమాణాన్ని గురించి మాట్లాడేవారు ఈ 4.2 అంగుళాలను మరచిపోతూ ఉంటారు.

ఇక నలభై అడుగులది. రాజసమాజం అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్ ద్వారా రాజుకు విన్నపం చేస్తే 1785లో 2,000 పౌండ్లు మంజూరయ్యాయి. అవి చాలక 1787లో మరో 2,000. యంత్రం నిర్వహణకు ఏటా 200. ఆ సందర్భంలోనే కరొలైన్‌కు ఏడాదికి 50 పౌండ్ల జీతం ఏర్పడింది. పెద్ద దూరదర్శిని చేసిన మేళ్ళలో ఇది చిన్నదేమీ కాదు. దర్పణం వెడల్పు నాలుగడుగులు. లండనులో పోత పోసిన మొదటి దర్పణం దాదాపు 1,000 పౌండ్ల బరువు. అది పలచనై, తన బరువుకు తానే వంగింది. 1788లో పోసిన రెండవదాని బరువు అంతకు రెట్టింపు. వంగకుండా ఉన్నది గానీ, పోత పగలకుండా ఉండేందుకు రాగి పాలు పెంచినందువల్ల త్వరగా మసకబారే గుణం పట్టుకుంది.

ఇనుప రేకుతో చేసిన గొట్టంలో మనిషి దాదాపు నిటారుగా నడవవచ్చు. అది పూర్తి కాకముందే అతిథులు గొట్టంలో ఈ కొసనుంచి ఆ కొసకు నడిచి వెళ్ళారు. 1789 ఆగస్టు 28న శనిగ్రహానికి ఆరవ ఉపగ్రహమైన ఎన్‌సిలాడస్‌ను, సెప్టెంబరు 17న ఏడవదైన మైమాస్‌ను హెర్షెల్ ప్రకటించాడు. రాజు సొమ్ము వృథా కాలేదని లోకం మెచ్చుకుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఎన్‌సిలాడస్‌ను అతను రెండేళ్ళ క్రితమే 20 అడుగుల దానితో చూశాడు, నిర్ధారించుకోలేదు.

ఆ తరువాత పెద్దదాని వినియోగం పడిపోతూ వచ్చింది. అది పోగుచేసే కాంతి 20 అడుగులదానికి ఆరున్నర రెట్లు. దాన్ని కదల్చడానికి ప్రతి రాత్రీ ఇద్దరు పనివాళ్ళు కావాలి. ఇంగ్లండులో ఆకాశం తేటపడటమే అరుదు. తేటపడితే గంటో రెండు గంటలో. పెద్ద యంత్రాన్ని సిద్ధం చేసేలోగా మబ్బు కమ్ముకునేది. అంత లోహం చల్లబడి గాలితో సమానమైన వేడికి రావడానికి పట్టే సమయంలో బొమ్మ నిలకడగా ఉండదు. తేమ పేరుకునేది. మసకబారిన టన్ను లోహాన్ని దించి మెరుగు పెట్టడం వారాల పని. హెర్షెల్ స్వయంగా 1800లో ఒక లెక్క వేశాడు: తన దేశపు వాతావరణంలో మంచి పరిశీలనకు ఏడాదికి దొరికేవి దాదాపు నూరు గంటలు, ఆ లెక్కన 40 అడుగుల దానితో ఆకాశమంతా ఒక్కసారి చూడాలంటే 800 ఏళ్ళకు పైగా పడుతుంది. చిన్నదానితో కనిపించే దేన్నీ పెద్దదానితో చూడబోవడం కాలం దండగ అని అతను నిశ్చయించుకున్నాడు. 1815 తరువాత దానితో ఎవరూ ఆకాశం చూడలేదు.

దీన్ని అతని మూర్ఖత్వంగా ఎంచే వ్యాసకర్తలున్నారు. అది సరికాదు. నాలుగడుగుల దర్పణం సాధ్యమో కాదో ఎవరో ఒకరు చేసి చూస్తేనే తెలుస్తుంది. పొరపాటు దర్పణంలో లేదు. రాజు ఇచ్చిన డబ్బుకు సరితూగే గొప్ప వస్తువు చూపాలన్న ఒత్తిడి, యంత్రం ఎన్ని రాత్రులు పనిచేస్తుంది అన్న లెక్కను వెనక్కు నెట్టింది. అటువంటి గొప్పకు మాడ్రిడ్‌లో మరింత దురవస్థ పట్టింది. స్పెయిన్ రాజు కోసం చేసిన 25 అడుగుల దూరదర్శిని 1802లో అక్కడికి చేరింది. 1808లో నెపోలియన్ సైన్యం చేతుల్లో నాశనమైంది. ఎత్తుకుని దాచగలిగిన వస్తువు కాదది.

విలియమ్ కొడుకు జాన్ 1792లో పుట్టాడు. అతను పెద్దవాడయ్యేసరికి తండ్రి ముసలివాడు, 20 అడుగులదాని కొయ్య పని శిథిలం. 1820లో తండ్రి చెబుతుండగా జాన్ 18 అంగుళాల కొత్త దర్పణాన్ని తన చేతులతో అరగదీశాడు. కొయ్య మారింది, దర్పణం మారింది. మారనిది కొలత, దానితో పనిచేసే పద్ధతి. ఆ కొలత ఉన్నందువల్లే ఒక దర్పణం పనిలో ఉండగా ఇంకొకటి మెరుగులో ఉండటం సాధ్యమైంది, రెండుమూడు దర్పణాలు ఉంచుకోవడం ఒక కుటుంబానికి స్తోమత అయింది. 1822లో విలియమ్ మరణించాక కరొలైన్ హానోవర్‌కు తిరిగి వెళ్ళింది. తండ్రి చూసిన నీహారికలన్నిటినీ జాన్ మళ్ళీ చూసి 1833లో పట్టిక ప్రచురించాడు. మిగిలింది ఇంగ్లండునుంచి కనిపించని దక్షిణాకాశం.

1833 నవంబరులో జాన్ భార్యాబిడ్డలతో పోర్ట్‌స్మత్‌లో ఓడ ఎక్కాడు. ఓడ పేరు మౌంట్‌స్టువర్ట్ ఎల్ఫిన్‌స్టన్. బొంబాయి గవర్నరుగా పనిచేసినవాని పేరు. నౌకాశాఖ ఇవ్వజూపిన సాయం వద్దని ఖర్చంతా తానే పెట్టుకున్నాడు. 20 అడుగుల దూరదర్శిని విడి భాగాలుగా పెట్టెలకెక్కింది. వెంట మూడు దర్పణాలు: ఒకటి తండ్రి చేసినది, ఒకటి తండ్రి పర్యవేక్షణలో తాను చేసినది, మూడవది పూర్తిగా తనది. మెరుగు పెట్టే సామగ్రి కూడా తీసుకున్నాడు. 1834 జనవరిలో కేప్‌టౌన్ చేరి, టేబుల్ కొండకు తూర్పున ఫెల్డ్‌హౌసెన్ అన్న తోట తీసుకున్నాడు. ఫిబ్రవరిలోనే యంత్రం నిలబడింది, మార్చిలో ఊడ్పులు మొదలయ్యాయి. 40 అడుగులదాన్ని ఆ ప్రయాణం చేయించడం ఊహకు కూడా అందదు.

కేప్‌లో దర్పణాలు ఇంగ్లండులోకంటే త్వరగా మసకబారాయి. తరచూ మెరుగు పెట్టక తప్పలేదు. మూడు దర్పణాల ఏర్పాటు లేకపోతే పరిశీలన ఎన్నోసార్లు ఆగిపోయేది. వేసవి వేడిగాలిలో నక్షత్రాలు ఉడుకుతున్న నీటిలో ఉన్నట్టు కదిలేవి. చలికాలపు వానలు వెలిసిన రాత్రులలో బొమ్మ అద్భుతంగా నిలిచేది. నాలుగేళ్ళలో 1,707 నీహారికలూ గుచ్ఛాలూ, 2,102 జంట తారలూ నమోదయ్యాయి. 2,299 చోట్ల దూరదర్శిని నిలిపి 68,948 నక్షత్రాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. హేలీ తోకచుక్కను వెంటాడాడు. 1837 డిసెంబరులో ఈటా కరీనా నక్షత్రం అకస్మాత్తుగా ప్రజ్వరిల్లడం చూశాడు. ఆ ఫలితాల గ్రంథం 1847లో అచ్చయింది. ఒక ప్రతి హానోవర్‌లో తొంభై ఏడేళ్ళ కరొలైన్ చేతికి అందింది. అన్నతో డాచెట్‌లో మొదలుపెట్టిన ఊడ్పు ఆకాశమంతా పూర్తయిందని తెలుసుకుని, మరుసటి జనవరిలో ఆమె కన్నుమూసింది. ఆ పట్టికలే జాన్ 1864లో కూర్చిన సాధారణ పట్టికకూ, దాన్ని విస్తరించి డ్రయర్ 1888లో వెలువరించిన ఎన్.జి.సి. పట్టికకూ ఆధారం. నేటి చిన్న దూరదర్శినుల కంప్యూటర్లలో ఉండే ఎన్.జి.సి. సంఖ్యలు అవే.

జాన్ కేప్‌నుంచి తిరిగి వచ్చేసరికి స్లౌలో నలభై అడుగుల దాని కొయ్య చట్రం కుళ్ళి ప్రమాదకరంగా ఉంది. విప్పించక తప్పలేదు. 1839 చివరి రాత్రి కుటుంబమంతా నేలకు దించిన గొట్టంలో కూర్చుని, జాన్ రాసిన వీడ్కోలు పాట పాడారు. ఆ గొట్టంలో మిగిలిన ముక్క నేడు గ్రీనిచ్‌లో ఉంది.

ఐర్లండులో లార్డ్ రాస్ 1845లో ఆరడుగుల లోహదర్పణం నిలిపి నీహారికలలో సుడి రూపాన్ని చూశాడు. రెండు రాతి గోడల మధ్య బిగిసిన ఆ యంత్రం ప్రక్కలకు కొద్దిగానే కదిలేది. లివర్‌పూల్‌లో విలియమ్ లాసెల్ అనే సారా వ్యాపారి 24 అంగుళాల దర్పణాన్ని నక్షత్రాల వెంట తిరిగే పీఠం మీద ఎక్కించి, 1852లో దాన్ని మాల్టా ద్వీపపు మంచి ఆకాశం కిందికి మోయించుకుపోయాడు. జాన్ దారి పట్టినవాడితడు.

మసక సమస్య తీరింది మాత్రం గాజువల్ల. 1850లలో జర్మనీలో స్టైన్‌హైల్, ఫ్రాన్సులో ఫూకో గాజు దర్పణంపై రసాయన పద్ధతిలో పలుచని వెండి పూత పూయడం సాధించారు. వెండి కూడా మసకబారుతుంది. కానీ ఆమ్లంతో కడిగి, గాజు వంపు చెక్కుచెదరకుండా కొత్త పూత వేసుకోవచ్చు. లోహదర్పణానికి ప్రతి మెరుగూ పునర్జన్మ; గాజు దర్పణానికి స్నానంతో సమానం. పైగా గాజు తేలిక, కాంతిని తిప్పి పంపడంలో వెండికి సాటి లేదు.

ఈ కొత్తరకం దర్పణం తెలుగునేల మీదికి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు జిల్లాల మీదుగా సాగింది. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్, వనపర్తిలో ఆ వేధశాలకే చెందిన చింతామణి రఘునాథాచారి, గుంటూరులో ఫ్రెంచివాడు జాన్సెన్, మేజర్ టెనెంట్ విడిది చేశారు. సూర్యుని అంచున లేచే జ్వాలలను గ్రహణం లేకుండానే చూడవచ్చునని జాన్సెన్ మర్నాడే గుంటూరులో రుజువు చేశాడు. టెనెంట్ ఇంగ్లండునుంచి ఓడలో తెప్పించి గ్రహణాన్ని ఫొటోలు తీసింది వెండిపూత గాజు దర్పణం ఉన్న తొమ్మిది అంగుళాల దూరదర్శినితో. అదే రోజున, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న జమఖండిలో, మబ్బుల సందుల్లోంచి వర్ణపటదర్శినితో ఆ జ్వాలలనే చూసిన సైనికాధికారి పేరు జాన్ హెర్షెల్. కేప్ దూరదర్శిని జాన్ హెర్షెల్‌కు, వారు ఫెల్డ్‌హౌసెన్‌లో ఉన్న కాలంలో, 1837లో పుట్టిన కొడుకితడు. అతని చేతిలో ఉన్నది ఐదు అంగుళాల కటకం.